మద్దతు ఆగిన విండోస్ 10ను నెట్ సెంటర్‌లో ఇంకా నడపొచ్చా?

టవర్‌క్లాక్_డీటీపీ (అనంతపురం):
షాపులో నాలుగు మిషన్లున్నాయి. అన్నీ మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, పైగా మా ప్రాసెసర్లు దాని జాబితాలోనే లేవు. నాలుగూ కొత్తవి కొనే స్తోమత నాకు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ పని ప్రోగ్రాములు తెరవడమే కదా? తెరుచుకుంటూనే ఉన్నాయి. ఇంక మార్చడం దేనికి?

కడప_మాస్టారు:
తెరవడం దాని పనుల్లో చాలా చిన్నది తమ్ముడూ. మాది పోరుమామిళ్ల వైపు. చెరువు కింద నీరుగంటిని చూస్తూ పెరిగినవాణ్ణి. నీళ్లు అతనివి కావు, మళ్లూ అతనివి కావు. ఏ మడికి ఎంతసేపు పారాలి, మడవ ఎప్పుడు కట్టాలి అన్నది మాత్రం అతని చేతిలో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ చేసేదీ అదే. బ్రౌజరు, పేజ్‌మేకరు, ప్రింటు అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టు కనిపిస్తాయి. మీ ఐ3లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, రెండే. వాటిని మిల్లీసెకన్ల వంతులతో అన్నిటికీ తిప్పుతూ ఉంటుంది. ర్యామ్ నిండితే కొంత సరుకును డిస్కు మీదికి పంపి చోటు చేస్తుంది. ట్యాబులు ఎక్కువైనప్పుడు హార్డ్‌డిస్క్ లైటు ఆరకుండా వెలిగేది అందుకే.

అసలు సంగతి ఇంకొకటి. ఒక ప్రోగ్రాము ఇంకోదాని మెమరీలోకి పోకుండా గట్టు వేసేది కూడా అదే. ఆ గట్టుకు పడిన గండ్లు పూడ్చేవే సెక్యూరిటీ అప్‌డేట్లు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై అనే ప్రోగ్రాము వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా కొన్నిటిని పట్టుకుంది. ఆ గండికి అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, ఎక్కువగా వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. మీ దగ్గర జనాల ఆధార్, పాన్ కాగితాలు ఉంటాయి. లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారండి.

కర్నూలు_సర్వీస్:
సార్, మీరు చెప్పింది కాదనను. కానీ పరికరాలతో మాట్లాడటం కూడా ఆపరేటింగ్ సిస్టమ్ పనే, అక్కడే నా దగ్గరికొచ్చే షాపులవాళ్లు ఇరుక్కుంటున్నారు. పోయిన నెల ఒకరి మిషన్‌కి లినక్స్ వేసిచ్చాను. ప్రింటర్ వెంటనే పనిచేసింది. వేలిముద్ర మిషన్‌కి డ్రైవర్, అంటే దాన్ని సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రాము, దొరకలేదు. రెండు రోజులు తిప్పలు పడి మళ్లీ విండోసే వేశాను. పెళ్లిపత్రికలన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటాయి. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతిలో లేవు. ఫాంటు లేకపోతే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. పదేళ్ల ఫైళ్లు పారేయమంటారా?

తాడిపత్రి_ఎంసీఏ:
అన్నా, పారేయక్కర్లేదు. కానీ నాలుగు మిషన్లలోనూ డీటీపీ చేయరు కదా. నా ల్యాప్‌టాప్‌ కూడా 4 జీబీదే, తేలికైన లినక్స్‌తో రెండేళ్లుగా వాడుతున్నా. దరఖాస్తులు, హాల్‌టికెట్లు, రిజల్ట్స్ అన్నీ బ్రౌజర్‌లోనే అవుతాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే, అంటే దాని గుండెకాయే. జనానికి కొత్తగా ఉంటుందన్న భయం అనవసరం.

మాస్టారూ, ఒక్క మాట. లినక్స్‌కీ అప్‌డేట్లు వేసుకోవాల్సిందే. వేసి వదిలేస్తే దానికీ గండ్లు పడతాయి.

కడప_మాస్టారు:
నిజమే అమ్మా, ఆ మాట నేను చెప్పి ఉండాల్సింది. డీటీపీ మిషన్ విషయంలో కర్నూలు తమ్ముడితో కూడా ఒప్పుకుంటున్నాను. కానీ మిగతా వాటిని అప్‌డేట్ల్లేకుండా నెట్‌లో ఉంచడానికి మాత్రం ఒప్పుకోను.

కర్నూలు_సర్వీస్:
ఇంట్లో వాడే విండోస్ 10 మిషన్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అది షాపుల కోసం పెట్టింది కాదు, దాన్ని నమ్ముకోవద్దు. ఏ సిస్టమ్ వేసినా ముందు హార్డ్‌డిస్క్ తీసి దానికంటే చాలా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయించు అన్నా. మాస్టారు చెప్పిన లైటు బాధ చాలావరకు తగ్గుతుంది.

టవర్‌క్లాక్_డీటీపీ:
డీటీపీ మిషన్‌కి నెట్ వైరు పీకేస్తా, విండోస్ అలాగే ఉంటుంది. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు దానికి పెట్టనివ్వను. బ్రౌజర్ పనికి రెండు మిషన్లు లినక్స్‌కి మారుస్తా. వేలిముద్ర పనికి విండోస్ 11 ఉన్న మిషన్ ఒక్కటి కొనక తప్పేలా లేదు, వాయిదాల్లో తీసుకుంటా. చెల్లీ, ఆదివారం షాపు మూసే ఉంటుంది. నీ లినక్స్ పెన్‌డ్రైవ్ తీసుకుని ఒకసారి అనంతపురం రాగలవా? మొదటిది నీ ముందే వేసుకుంటా.