కార్ల కంపెనీలు కర్బనం తగ్గించాలంటే ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి?

కొత్తచక్రం: మాది కార్ల కంపెనీకి బ్రాకెట్లు చేసిచ్చే చిన్న యూనిట్. ఒక్కో భాగం వెనక ఎంత కర్బన ఉద్గారం ఉంది, ఉక్కు ఎక్కడిది, కరెంటు దేనితో తయారైంది అంటూ కస్టమర్ ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. నింపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మమ్మల్ని అడిగేవాళ్లు తమ వైపు ఏం తగ్గిస్తున్నారు? లోపల పనిచేసినవాళ్లు చెప్పండి. కప్పు మీద సోలార్ ఫొటోలు మాత్రం వద్దు, చాలా చూశాను.

పెయింట్ పాతకాపు: రోబోలను చూసి వెల్డింగ్ అనుకుంటారు గానీ, అసెంబ్లీ ప్లాంట్‌లో ఎక్కువ ఎనర్జీ తినేది పెయింట్ షాపే. బాడీని ముంచి తీశాక మొదటి కోటు 170 డిగ్రీల పైచిలుకు ఓవెన్‌లో ఎండాలి. తర్వాత ప్రైమర్‌కి (పై రంగు కింద వేసే కోటు) ఒక ఓవెన్, పై కోట్లకి ఇంకొకటి. మేం ప్రైమర్ ఓవెన్ ఎత్తేశాం. తడి మీదే తడి కోటు కొట్టి, అన్నీ ఒకేసారి ఎండబెట్టడమే. మొదటి నెల నరకం చూశాం. మచ్చపడ్డ బాడీ మళ్లీ ఓవెన్‌లోకి వెళ్తే మిగిల్చిందంతా గోవిందా. అది కుదుటపడ్డాకే గ్యాస్ మీటరులో తేడా కనిపించింది.

నట్టుబోల్టు: నాది మెయింటెనెన్స్. సెలవు రోజు లైన్లన్నీ ఆగాక షాపులో ఒక్కసారి నడవండి, పాము బుసకొట్టినట్టు వినిపిస్తుంది. కంప్రెసర్ గాలి లీకులు! పట్టించుకోని చోట 20–30 శాతం గాలి ఇలాగే పోతుంది, దాన్ని నింపిన కరెంటూ దండగే. ఒక గొట్టం కప్లింగ్‌కి ఎవరో ఎప్పుడో గుడ్డ చుట్టి టేపు వేసి వదిలేశారు. విప్పి సబ్బునీళ్లు పూస్తే నురగే నురగ.

లెక్కల మాస్టారు: అన్నీ మంచివే, కానీ అసలు పొగ ఫ్యాక్టరీలో లేదండీ. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారు లక్షన్నర తిరిగితే 23 టన్నులు. దాని ముందు మీ ఓవెన్ ఎంత? ఎలాంటి బండి తయారుచేస్తున్నారన్నదే ప్రశ్న. బరువు 10 శాతం తగ్గితే ఇంధనం 6–8 శాతం మిగులుతుందంటారు, వీళ్లేమో ఏటేటా బండ్లను లావెక్కిస్తున్నారు. యూరప్‌లో 2020లో కంపెనీ అమ్మే కొత్త కార్ల సగటు కిలోమీటరుకి 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటితే, దాటిన ప్రతి గ్రాముకీ, అమ్మిన ప్రతి కారు మీదా 95 యూరోల జరిమానా పెట్టారు. అప్పుడు కదిలారు.

పెయింట్ పాతకాపు: పెట్రోలు బండికైతే ఒప్పుకుంటాను మాస్టారూ. ఎలక్ట్రిక్‌కి పొగ గొట్టమే లేదు, అక్కడ తయారీ వాటా పెరుగుతుంది. బ్యాటరీ సెల్స్ చేసే డ్రై రూముల్లో తేమ లాగే యంత్రాలు రాత్రింబవళ్లూ నడవాలి. ఆ కరెంటు బొగ్గుదైతే కారు కర్బనం అప్పుతోనే పుడుతుంది. నడిచేకొద్దీ తీరుస్తుందనుకోండి.

ప్రెస్‌షాప్ అక్క: కొత్తచక్రం గారూ, మీ షీట్‌లో ఉక్కు గడి ఊరికే పెట్టలేదు. బ్లాస్ట్ ఫర్నేస్ (బొగ్గుతో ఇనుప ఖనిజం కరిగించే కొలిమి) ఉక్కు టన్నుకి దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తుక్కు కరిగించే ఆర్క్ ఫర్నేస్‌లో చాలా తక్కువ. 2021లో స్వీడన్‌లో బొగ్గు బదులు హైడ్రోజన్ వాడి చేసిన ఉక్కు వోల్వోకి అందింది కూడా. అల్యూమినియంలోనైతే తుక్కు బంగారమే. ఖనిజం నుంచి తీయడానికయ్యే ఎనర్జీలో 5 శాతంతో మళ్లీ లోహమవుతుంది. కానీ రకాలు కలవకూడదు. ఓ నైట్ షిఫ్ట్‌లో డోర్ ముక్కలూ బానెట్ ముక్కలూ ఒకే బిన్‌లో పడ్డాయి, లోడు మొత్తం నాసిరకం కింద పోయింది. మర్నాడే బిన్లకు రంగులు కొట్టించాను.

నట్టుబోల్టు: ఏసీ గ్యాస్ మరిచారు! పాత ఆర్-134ఏ కిలో లీకైతే 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 2017 నుంచి యూరప్‌లో కొత్త కార్లకి అది నిషేధం.

కొత్తచక్రం: మా ఉక్కు ఏ ఫర్నేస్‌దో టెస్ట్ సర్టిఫికెట్‌లో లేదు. మిల్లుకి మెయిల్ పెట్టాను. ఈలోపు ఆ గడి ఖాళీగా పంపనా?

ప్రెస్‌షాప్ అక్క: వద్దు. సగటు అంకె వేసి, పక్కనే ‘ఇది సగటు’ అని రాయండి. మిల్లు జవాబిచ్చాక మార్చుకోవచ్చు.