వెరికోస్ లేజర్‌కి వెన్నులో సూది తప్పదా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అమ్మకు 56 ఏళ్లు. పాతికేళ్లుగా మా టిఫిన్ బండి దగ్గర నిలబడే పని. ఎడమ కాలి నరాలు తాళ్లలా ఉబ్బాయి, చీలమండ దగ్గర చర్మం నల్లబడింది. శ్రీకాకుళంలో డాప్లర్ (నరాల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్) తీసి లేజర్ చేద్దామన్నారు. అమ్మకు కాలి బాధ కంటే వెన్ను సూదంటేనే భయం. మా పిన్నికి సిజేరియన్ అయ్యాక వారం పాటు లేచి కూర్చోనివ్వని తలనొప్పి వచ్చింది, అది అమ్మ కళ్లారా చూసింది. వేరే మత్తు ఉండదా?

జవాబు (గుణుపురం, ఓటీ టెక్నీషియన్):
ఉంటుంది చెల్లెమ్మా. దాన్ని ట్యూమెసెంట్ అంటాం. సెలైన్‌లో లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందుని 0.1 శాతం లేదా ఇంకా పలచగా కలిపి, రక్తనాళాలు బిగుసుకోవడానికి కాస్త అడ్రినలిన్, మంట తగ్గడానికి సోడా బైకార్బొనేట్ చేర్చి, స్కాన్‌లో చూస్తూ ఉబ్బిన నరం చుట్టూ ఎక్కిస్తారు. ఆ నీరు తిమ్మిరి ఎక్కించి ఊరుకోదు. నరాన్ని నొక్కి, లోపలికి దూర్చిన లేజర్ తీగకు దగ్గర చేస్తుంది, వేడి చర్మానికీ పక్కనున్న నాడులకూ తగలకుండా అడ్డుపడుతుంది. వెన్ను మత్తు ఇచ్చినా లేజర్‌కి నరం చుట్టూ నీరు ఎక్కించాల్సిందే! అందుకే చాలామందికి ఇదొక్కటే సరిపోతుంది.

డోసు గురించి భయపడకండి. అడ్రినలిన్‌తో మామూలుగా ఇచ్చే లిగ్నోకైన్‌కి ఒంటి బరువులో కేజీకి 7 మిల్లీగ్రాములు హద్దు. ఇంత పలచగా ఇస్తే మందు రక్తంలోకి మెల్లగా చేరుతుంది. కొవ్వు తీసే ఆపరేషన్లలో కేజీకి 35 దాకా ఇవ్వొచ్చని అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1990లోనే రాశారు. గుండె మందులు, రక్తం పలచబడే మాత్రలు ఏవైనా వాడుతుంటే మాత్రం మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

జవాబు (బరంపురం, రిటైర్డ్ టీచర్):
నాకు రెండు విధాలా అయింది. కుడి కాలికి కోసి నరం తీసేశారు, వెన్ను మత్తు. సాయంత్రం దాకా కాళ్లు నావి కావనిపించింది, ఒంటికి పోసుకోవడానికి గొట్టం పెట్టారు. ఎడమ కాలికి లేజర్, ఈ నీటి మత్తుతోనే. తొడ పొడవునా సూదులు చురుక్కుమన్నాయి, అబద్ధం చెప్పను. అయితే గంటలో మేజోడు వేసుకుని నడిచాను. అమ్మకు ఆ చురుకుల సంగతి ముందే చెప్పండి, అక్కడికెళ్లాక తెలిస్తే బెదిరిపోతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ దండాలు. అమ్మకు బీపీ మాత్ర ఒక్కటే ఉంది. సోమవారం ఆ చీటీ, డాప్లర్ రిపోర్టు పట్టుకుని మహేంద్రతనయ దాటి పాతపట్నంలో బస్సెక్కుతాం. మీ జవాబులు చదివి వినిపించాను. సూదులు ఎన్ని పొడుస్తారో అడగమంటోంది.