ఆంగ్ల పత్రికల శీర్షికలు: వ్యాకరణం లేనివా, వేరే వ్యాకరణం కలవా?

పంతులమ్మ:
ఒక విద్యార్థి వ్యాసంలో 'మినిస్టర్ టు విజిట్ స్కూల్' అని రాశాడు. క్రియ ఏదని దిద్దబోతే, ఫలానా పత్రికలో అలాగే ఉందని చూపించాడు. ఆర్టికల్ ఉండదు, 'ఈజ్' ఉండదు, నిన్న జరిగినదాన్ని వర్తమానంలో చెబుతారు. చోటు చాలదన్న సాకుతో చేసే ఈ తప్పులను తప్పులని ఎందుకు ఒప్పుకోరో సభ్యులు చెప్పాలి.

పాత డెస్కు:
అవి తప్పులు కావండి, నియమాలు. హైన్రిఖ్ స్ట్రౌమన్ 1935లోనే శీర్షికల భాషపై పుస్తకం రాసి, దానిని 'బ్లాక్ లాంగ్వేజ్' అన్నారు, అంటే నిండు వాక్యాలు కాక మాటల ముక్కలతో నడిచే భాష. శీర్షికలు పెట్టే పత్రిక డెస్కులో మేము జరిగినదానికి సాధారణ వర్తమానం, జరగబోయేదానికి 'టు'తో క్రియ, కర్మణికి ఒంటరిగా పాస్ట్ పార్టిసిపుల్ వాడతాం. 'మినిస్టర్ అక్యూజ్డ్' అంటే మంత్రి మీద ఆరోపణ వచ్చిందనే అర్థం. ఆయనే ఆరోపించి ఉంటే 'అక్యూజెస్' అని ఉండేది. శీర్షికల్లో భూతకాలాన్ని పక్కన పెట్టడం వల్లనే ఆ రూపం కర్మణికి దక్కింది. నియమమే లేకపోతే ఇంత పొందిక ఎలా కుదురుతుంది?

దారినపోయేవాడు:
'అండ్' ఉండాల్సిన చోట కామా ఎందుకు పెడతారో కూడా ఎవరైనా చెప్పండి.

పంతులమ్మ:
కామా సంగతి తరువాత చూద్దాం. డెస్కు గారి పొందిక కొన్ని క్రియలకు ఏకవచనంలోనే నిలుస్తుంది. 'టీచర్స్ హిట్' అంటే ఉపాధ్యాయులు కొట్టారా, దెబ్బ తిన్నారా? ఆ క్రియకు మూడు రూపాలూ ఒక్కటే. 2009లో 'వయొలినిస్ట్ లింక్డ్ టు జాల్ క్రాష్ బ్లాసమ్స్' అని ఒక శీర్షిక వచ్చింది. జాల్ అంటే జపాన్ ఎయిర్‌లైన్స్. 1985 నాటి జపాన్ విమాన ప్రమాదంలో తండ్రిని కోల్పోయిన వయొలిన్ కళాకారిణి రాణిస్తోందని దాని భావం. చదివినవారు 'లింక్డ్' దగ్గరే క్రియ అయిపోయిందనుకొని, 'క్రాష్ బ్లాసమ్స్' అంటే ఏ పువ్వులో అని తలపట్టుకున్నారు. అలాంటి శీర్షికలకు చివరికి ఆ పేరే స్థిరపడింది.

పాత డెస్కు:
'హిట్' తరువాత 'బై' చేర్చడం మాకు తెలియదా? ఇరవై ఏళ్లు రాత్రి డ్యూటీ చేశాను. వార్తకు విలేకరి పేరు వేస్తారు, శీర్షిక రాసినవాడి పేరు ఎక్కడా ఉండదు, తెల్లవారి తిట్లు మాత్రం వాడికే. జారిపోయిన ఒక్క శీర్షికను పట్టుకొని భాషనంతటినీ తప్పుపట్టడం న్యాయం కాదు.

అనువాదకుడు:
మన 'మంత్రి రాజీనామా' చూడండి. చేశారా, చేస్తారా అన్నది లోపలికి వెళితే గాని తెలియదు. 'రిజైన్స్', 'టు రిజైన్' అని ఇంగ్లీషు శీర్షిక ఆ తేడా చూపిస్తుంది. నన్ను వేధించేవి 'ప్రోబ్' (దర్యాప్తు), 'రో' (వివాదం), 'బిడ్' (ప్రయత్నం) వంటి పొట్టి మాటలే.

పంతులమ్మ:
ఆ వర్తమానమే 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికప్పుడు షికాగో ట్రిబ్యూన్ పత్రిక చేత 'డ్యూయీ డిఫీట్స్ ట్రూమన్' అని వేయించింది. గెలిచింది ట్రూమన్.

పాత డెస్కు:
అది అంచనాలో తప్పు. 'డిఫీటెడ్' అని వేసి ఉంటే నిజమయ్యేదా? మీకు శీర్షికల మీద కోపమో, మా మీద కోపమో తేల్చండి.

పంతులమ్మ:
సరే, చెబుతాను. కార్మికుల ఊరేగింపులో యాజమాన్యం కాపలాదారులు మా తమ్ముడి చేయి విరగ్గొట్టారు. మరునాడు ఒక పత్రిక 'సెవెన్ హర్ట్ ఇన్ క్లాష్' అని వేసింది. కర్మణికి దక్కిందని మీరు మురిసిపోయిన రూపం అదే. కొట్టినవారు అందులో ఎక్కడున్నారు?

పాత డెస్కు:
మీ తమ్ముడికి జరిగినది దారుణం. కానీ 'సెవెన్ వర్ హర్ట్' అని నిండు వాక్యం రాసినా కొట్టినవారు కనిపించరు. అది వ్యాకరణం చేసిన పని కాదు, డెస్కు తీసుకున్న నిర్ణయం. పేర్లు రూఢి కానప్పుడు మేము అలాగే రాస్తాం.

పంతులమ్మ:
అయితే 'వర్' గురించి ఇక వాదించను. నిర్ణయం గురించే అడుగుతున్నాను. కొట్టింది కాపలాదారులేనని అదే వార్త మూడో పేరాలో, చూసినవారి మాటగా కాక పత్రిక తన మాటగానే రాసింది. రూఢి కాని సంగతిని అలా రాస్తారా?

పాత డెస్కు:
రాయరు. మూడో పేరాలో అలా ఉన్నప్పుడు శీర్షికలోనూ ఉండాల్సింది. నేనైతే 'గార్డ్స్ బీట్ మార్చర్స్, సెవెన్ హర్ట్' అని పెట్టేవాణ్ణి. ఒక్క మాటే ఎక్కువ, కాలమ్‌లో పట్టేది. కామా గురించి అడిగిన వారికి కూడా చెబుతున్నాను: అక్కడ అది 'అండ్' బదులు నిలిచింది.