ఇంట్లో కట్టిన విమానం కొండల్లో కూలితే తప్పెవరిది?

లేత్_కడప: ఇంట్లో కట్టిన విమానాలను కొండలవైపు పోనీయకూడదని ఓర్వకల్లు తమ్ముడు నిన్న రాశాడు. 2007లో సాహస పైలట్ స్టీవ్ ఫాసెట్ అమెరికాలోని సియెరా నెవాడా కొండల్లో కూలిపోయాడు. నడిపింది ఫ్యాక్టరీ విమానమే. కొండ మీంచి కిందికి దూకే గాలి, ఆ విమానం పైకెక్కే శక్తిని మించిపోయిందని దర్యాప్తులో తేల్చారు. గాలికి ఫ్యాక్టరీ ఏంది, షెడ్డు ఏంది?

ఓర్వకల్లు_కుర్రోడు: మరి 1997లో విమానం కూలి చనిపోయిన అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ సంగతి? ఆయన కొన్న లాంగ్ ఈజీని (డ్రాయింగులు చూసి ఇంట్లో కట్టుకునే చిన్న విమానం) కట్టినాయన, పెట్రోల్ ట్యాంకు మార్చే వాల్వును డ్రాయింగులో ఉన్నచోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు. దాన్ని తిప్పడానికి వెనక్కి తిరిగితే కాలు రడ్డర్ పెడల్‌ను, అంటే విమానం ముక్కును పక్కకు తిప్పేదాన్ని, తొక్కేస్తుంది. షెడ్డు పనంటే ఇదే అన్నా.

పెన్నా_ఒడ్డు: డెన్వర్ పడింది సముద్రంలో. కొండ ఏదీ?

ఓర్వకల్లు_కుర్రోడు: నేను చెప్పేది వాల్వు గురించి.

పెన్నా_ఒడ్డు: టాపిక్ కొండలు.

అనంత_ఎండ: మన ఎండ సంగతి ఎవరూ ఎత్తరే? కర్నూలు ఎత్తు సుమారు 900 అడుగులు. 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, నేలమీదున్నా ఇంజిన్‌కూ రెక్కకూ సుమారు 4000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. ఆ పూట చిన్న ఇంజిన్‌తో నల్లమలకు ఎదురుగా పోతే ఎవరు కట్టిందైనా ఒకటే. గట్టును నేరుగా కాకుండా ఐమూలగా దాటాలి, ఎక్కకపోతే వెనక్కి తిరగడానికి చోటుండేలా.

లేత్_కడప: అదీ మాట! మా షెడ్డులో చేసిన ట్రాలీ ఇరుసు విరిగితే ఊరంతా నన్నే తిట్టింది. రెట్టింపు లోడు వేశారని ఒక్కడూ అనలేదు. కంపెనీ ట్రాలీ విరిగితే మాత్రం రోడ్డు బాగలేదంటారు. చదువు లేనోడు కట్టాడనే కదా తమ్ముడూ నీ ఏడుపు?

ఓర్వకల్లు_కుర్రోడు: నోరు జాగ్రత్త. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ పావురాలగుట్ట దగ్గర పడినప్పుడు మా మామ ఆత్మకూరు నుంచి వెతకడానికి పోయినాడు. రాత్రంతా వానలో, అడవిలో. అది దొరికింది మర్నాడే. నీ సరదాకు నువ్వు ఎగిరి పడితే, వెతకడానికి ఎవరింటి మనిషి పోవాల?

లేత్_కడప: ఇది ముందే అడిగుంటే సరిపోయేది. జాడ చెప్పే పరికరం లేకుండా ఎగరొద్దను, ఒప్పుకుంటా. కట్టినోడి చదువు చూసి ఆపొద్దు.

ఓర్వకల్లు_కుర్రోడు: వాల్వు ఎక్కడ పెట్టాడో కూడా చూడాల.

పెన్నా_ఒడ్డు: మళ్లీ సముద్రమా స్వామీ?