ఏర్పేడు దగ్గర చెరువులో పొడుగుముక్కు పిట్టలు, ఇవేంటో చెప్పగలరా?

ఏర్పేడు కోడలు:
పండక్కి ఊరొచ్చాం. మా చెరువు సగానికి పైగా తగ్గి తూము పక్కన బురద తేలింది. పొద్దున్నే అక్కడ నలభై యాభై పిట్టలు గుంపుగా దిగుతున్నాయి. బూడిద రంగు ఒళ్లు, సన్నటి పొడుగు కాళ్లు, ఒంటికి మించిన ముక్కు. తలకాయ మునిగేదాకా ముక్కు దించి కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తున్నాయి. నా ఫోన్‌లో జూమ్ చేస్తే చుక్కలే పడుతున్నాయి, అందుకే ఫొటో పెట్టలేదు.

మా మామ "ఉల్లంకులమ్మా అవి, మా కాలంలో వలేసి పట్టి కూరొండుకునేవాళ్లం" అంటున్నారు. మా ఆయన కంకణాలంటారు. ఆరో తరగతి చదివే మావాడేమో అలాస్కా నుంచి ఆగకుండా ఎగిరొచ్చాయని పందెం కాస్తున్నాడు. ఎవరు కరెక్టో మీరే తేల్చండి.

రేణిగుంట రైలు:
ముక్కు కిందికి వంగి ఉందా అక్కా? ఉంటే కంకణమే. మా వైపు మడికయ్యల్లో తెల్లవీ నల్లవీ రెండూ తిరుగుతుంటాయి.

ఏర్పేడు కోడలు:
వంపేమీ లేదు తమ్ముడూ, తిన్నగా ఉంది. మొదట్లో గులాబీ రంగు, కొసకి నలుపు. ఇందాక కుక్క తరిమితే అన్నీ ఒక్కసారి లేచాయి. రెక్కలో తెల్లటి పట్టీ, తోక చివర నల్లగా కనిపించింది.

సూళ్లూరుపేట సైకిల్:
ఆ కుక్కకి థ్యాంక్స్ చెప్పండి, పని తేలిక చేసింది. తెల్ల పట్టీ, నల్ల తోక, తిన్నటి ముక్కు ఉన్నాయంటే నల్లతోక గాడ్‌విట్‌లే. రష్యా, మంగోలియా వైపు గడ్డి నేలల్లో గుడ్లు పెట్టి, చలికాలం మన దగ్గర గడిపి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసిన వానకి మన చెరువులు నిండుతాయి కదా, నిండు చెరువులో వీటికి పని లేదు. నీళ్లు కాళ్ల లోతుకి దిగి, అడుగు బురద ముక్కుకి అందాలి. మీ తూము దగ్గర ఇప్పుడు సరిగ్గా అదే జరుగుతోంది.

ఆ ముక్కు సంగతి మీవాడికి చెప్పండి. మొత్తం బురదలో దిగి ఉన్నా చివరి కొస ఒక్కటే తెరుచుకోగలదు. ఆ కొసలో నరాలు కిక్కిరిసి ఉంటాయి. తగిలింది పురుగో, గులకరాయో కంటితో చూడక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

అలాస్కా పందెం మాత్రం ఓడాడు. అది చారలతోక గాడ్‌విట్, వీటికి దాయాది. 2022లో ఐదు నెలల పిల్ల ఒకటి అలాస్కాలో లేచి, 11 రోజులు ఎక్కడా దిగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో వాలింది. వాడు చదివింది నిజమే, పిట్టే వేరు.

మీ మామగారు వండుకున్నవి నిజంగా ఉల్లంకులే అయ్యుండొచ్చు. అవి వీటికంటే చాలా చిన్నవి. గడ్డిలో నక్కి, మన కాలు మీద పడబోయేదాకా కదలవు. ఇలా నడినీళ్లలో గుంపు కట్టి నిలబడవు. వల సంగతి మాత్రం ఆయనకి నచ్చచెప్పండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అయినా అరచేతిలో పట్టే పిట్టలో కూరకి ఎంత మాంసం వస్తుందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఏర్పేడు కోడలు:
మామకి చదివి వినిపించాను. "చట్టం తెలుసులేమ్మా, రుచి కూడా తెలుసు" అన్నారు! వంకర ముక్కువి కూడా చూడాలని మావాడి గోల. కంకణాలు కాకుండా ఇంకేమైనా ఉన్నాయా?

సూళ్లూరుపేట సైకిల్:
కర్లూ ఉంది, పులికాట్‌లో దొరుకుతుంది. గోధుమ ఒళ్లంతా చారలు, ఆడదానికి ముక్కు 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగదానికి కాస్త పొట్టి. ఆ జాతిలోనే సన్నముక్కు కర్లూ అని ఒకటుండేది. 1995లో మొరాకోలో కనబడిందే ఆఖరు, 2025లో అంతరించినట్టు ప్రకటించారు. మన దగ్గరికొచ్చేది అది కాదు, కంగారు పడొద్దు. కానీ ఇదీ ఏటేటా తగ్గిపోతోంది.

చాలామంది నేలపట్టు వెళ్లి కర్లూ కనబడలేదని తిట్టుకుంటారు. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల్ని చూడాలి, బురద పిట్టల కోసం కాదు. మీరు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టండి. రెండు పక్కలా సరస్సే. షార్ గేటు దాకా పోనక్కర్లేదు, అటకానితిప్ప చుట్టుపక్కల బండి పక్కకి తీస్తే చాలు.

రేణిగుంట రైలు:
అన్నా, పొద్దున పోతే ఎండ కళ్లలో కొట్టదా? నేను పోయినప్పుడు పిట్టలన్నీ నల్ల బొమ్మల్లా కనబడ్డాయి.

సూళ్లూరుపేట సైకిల్:
దక్షిణం వైపు చూసుంటావు. ఈ నెలల్లో పొద్దు అటుగా తిరుగుతుంది కాబట్టి రోడ్డుకి ఉత్తరం పక్క చూస్తే రంగులు తేలిగ్గా తెలుస్తాయి. అక్కా, బైనాక్యులర్ లేకపోతే ఎవరినైనా అడిగి తీసుకెళ్లండి. బురదలోకి మాత్రం దిగనివ్వొద్దు మీవాణ్ణి, పిట్టలు లేచిపోతాయి, చెప్పు అక్కడే ఉండిపోతుంది.