పవర్ ట్రిప్ సెట్ కడుతున్నాం: రైలీ గేల్ గొంతుకు ఎంత దగ్గరగా ఉండాలి?

సికింద్రాబాద్ రిఫ్:
అన్నలూ, అమెరికన్ థ్రాష్ మెటల్ బ్యాండ్ పవర్ ట్రిప్ పాటలతో 25 నిమిషాల సెట్ చేస్తున్నాం. ‘మానిఫెస్ట్ డెసిమేషన్’ ఆల్బమ్ నుంచి రెండు, ‘నైట్‌మేర్ లాజిక్’ నుంచి నాలుగు. మూడో పాటకే సింగర్ గొంతు బొంగురుపోతోంది. జామ్ రూమ్‌లో రెండు గిటార్లు కలిస్తే రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ వరుస) ముద్దైపోతోంది. అసలు ఆ బ్యాండ్ సింగర్ గేల్‌లాగే అరవాలా, సొంత గొంతుతో పాడాలా?

మైకు పక్కన:
బ్రో, చివరిది ముందు తేల్చుకోండి. గేల్ 2020 ఆగస్టు 24న పోయాడు, 34 ఏళ్లే. ఆ తర్వాత 2023 డిసెంబర్ 1న ఆస్టిన్‌లో బ్యాండ్ మళ్లీ స్టేజీ ఎక్కినప్పుడు మైకు పట్టింది సేత్ గిల్మోర్. అప్పటికే పవర్ ట్రిప్ గిటారిస్టు బ్లేక్ ఇబానెజ్‌తో కలిసి ఫ్యుజిటివ్ అనే బ్యాండ్‌లో పాడుతున్నవాడు. ఆ రిఫ్‌ల మీద మాట ఎక్కడ పడాలో తెలిసిన మనిషి. మీక్కావాల్సిందీ అదే. గేల్ దగ్గర పట్టుకోవాల్సింది గరగర కాదు, మాటను విరిచే తీరు. లైన్‌ను టక్కున తుంచేసి రిఫ్‌కు చోటిస్తాడు. లిరిక్స్ ప్రింట్ తీసి, ఊపిరి తీసుకునే ప్రతిచోటా పెన్సిల్ గీత పెట్టండి. గీత లేనిచోట ఊపిరి అందకపోతే గొంతు కండరాలు బిగుస్తాయి, బొంగురు అక్కడే మొదలవుతుంది.

రికార్డుల్లో ఆ గొంతు నిండా రివర్బ్, అంటే పెద్ద హాల్లో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని. రూమ్‌లో ఏమీ లేకుండా తన గొంతు తనకు వినిపిస్తే ఎవరైనా ఇంకా గట్టిగా అరుస్తారు. కాబట్టి మానిటర్‌లోకే (సింగర్ వైపు తిరిగిన స్పీకర్) కాస్త రివర్బ్, 120 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యంగా తిరిగొచ్చే గొంతు) ఇవ్వండి. మైకు జాలీని గుప్పిట్లో మూయొద్దు, వెంటనే కూత పెడుతుంది. ముందు వైపు శబ్దాన్నే బాగా పట్టే కార్డియాయిడ్ మైకైతే మానిటర్‌ను సరిగ్గా దాని తోక వైపు పెట్టండి. గొంతులో మంట పుడితే ఆ రోజుకు ఆపేయాల్సిందే, ఇందులో మొండితనం పనికిరాదు.

డౌన్‌పిక్ భయ్యా:
ముద్దకు కారణం గెయిన్, అంటే ఆంప్లిఫయర్‌లో గరగర పెంచే నాబ్. ఇద్దరూ 5కి దించండి. బేస్ నాబ్ 4, మిడ్ 7. మిడ్ తీసేసిన టోన్ ఇంట్లో ఒంటరిగా వాయిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, బ్యాండ్‌లో మాత్రం బేస్ గిటార్‌కూ సింబల్స్‌కూ మధ్య మాయమైపోతుంది. ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ పెట్టి డ్రైవ్ 0, లెవెల్ పూర్తిగా తిప్పండి. కింది మోత తెగిపోయి పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగను అణచి కొట్టే దెబ్బ) స్పష్టంగా కొడుతుంది. అరచేతి అంచు సరిగ్గా బ్రిడ్జి మీదే ఉండాలి. సెంటీమీటరు ముందుకు జరిగినా తీగ మూగబోతుంది, గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది.

రిఫ్‌లు డౌన్ పికింగ్‌లోనే, అంటే ప్రతి దెబ్బా కిందికే కొడుతూ వాయించండి. పైకీ కిందికీ కొడితే వేగం అందుతుంది కానీ ఆ బరువు రాదు. మెట్రోనోమ్‌లో అసలు వేగం కన్నా నిమిషానికి 20 బీట్లు తగ్గించి మొదలుపెట్టి, 4 చొప్పున పెంచండి. మోచేయి బిగుసుకుంటే ఒక మెట్టు దిగండి.

డబుల్ కిక్ కోఠి:
డ్రమ్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ సంగీతానికి ప్రాణం థ్రాష్ మెటల్ పరుగులోంచి హార్డ్‌కోర్ పంక్ నడకలోకి దిగే మలుపు. డి.ఆర్.ఐ. బ్యాండ్ 1987లో ‘క్రాసోవర్’ అని ఆల్బమ్‌కే పేరు పెట్టిన కలయిక అది. చాలామంది ఫిల్‌ను (మలుపు ముందు వేసే చిన్న డ్రమ్ ముక్క) తోసుకుంటూ వచ్చి, ఆ నడకను కూడా పరుగులోనే మొదలెడతారు. ఫిల్ తగ్గించి, కొత్త వేగంలో హై-హ్యాట్ మీద నాలుగు లెక్కపెట్టి దిగండి. ఆ నాలుగు దెబ్బల్లో సింగర్‌కు ఊపిరి కూడా దొరుకుతుంది.

సికింద్రాబాద్ రిఫ్:
గెయిన్ దించాం, రిఫ్ విడిగా వినిపిస్తోంది! కానీ పెడల్‌కు గుజరాతీ గల్లీలో కొన్న 9 వోల్టుల అడాప్టర్ పెడితే లైటే వెలగట్లేదు.

డౌన్‌పిక్ భయ్యా:
పిన్ మధ్యలో ప్లస్ ఉండుంటుంది. చాలా పెడల్స్‌కు మధ్యలో మైనస్ కావాలి. ముందు తీసేయ్, అలాగే ఉంచితే పెడల్ కాలిపోవచ్చు. అడాప్టర్ మీద గుర్తు చూసి మార్పించుకో. రెండు మూడు పెడల్స్ ఉంటే విడివిడి ఔట్‌పుట్లున్న ఐసోలేటెడ్ సప్లై తీసుకో, గుయ్‌మనే హమ్ కూడా తగ్గుతుంది.