పాము కరిస్తే "కంగారు పడొద్దు" అంటారు. నిజంగా తేడా ఉంటుందా?

పొలంగట్టు:
పాముకాటు గురించి ఎవరు చెప్పినా మొదటి మాట ఇదే. కరిచాక కంగారు పడకుండా ఎవరుంటారండీ? ఇది ఊరడింపు మాటేనా, విషం ఎక్కడంలో ఏమైనా తేడా వస్తుందా?

వేపచెట్టు:
వస్తుందండీ. గుండె దడకన్నా ముందు చూసుకోవాల్సింది కాలి కదలిక. విషం చాలావరకు శోషరస నాళాల్లో (ఒంట్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాలు) పాకుతుంది. కాలు కదిపినప్పుడల్లా కండరం దాన్ని పైకి నెడుతుంది. కంగారులో మనిషి ఇంటివైపు పరుగెత్తుతాడు, అక్కడే దెబ్బ. మనసు కుదుటపడకపోయినా సరే, కాలు కుదురుగా ఉండాలి. ఎముక విరిగినప్పటిలా పక్కన కర్ర పెట్టి, కట్టు కింద వేలు దూరేంత వదులుగా కండువాతో కట్టండి. మెట్టెలు, పట్టీలు, కాలి నల్లతాడు వాపు రాకముందే తీసేయండి.

నైట్‌డ్యూటీ:
చుట్టూ ఉన్నవాళ్ళ కంగారు ఇంకా చేటు. తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, పామును చంపి తేవాలని వెతకడం. పాముతో పనిలేదు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు. ఇప్పటికే తాడు బిగించి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు ముందే విప్పాలి.

ఇంకో చిక్కు. చెమటలు, దడ, వేళ్ళ తిమ్మిరి వట్టి భయానికీ వస్తాయి. కానీ భయానికి కనురెప్పలు వాలవు. పైకి చూడమనండి. ఒకే గుక్కలో అంకెలు లెక్కపెట్టమనండి. ఇందాక 20 దాకా వెళ్ళిన మనిషి ఇప్పుడు 12 దగ్గరే ఆగితే విషం ఎక్కుతోందనే లెక్క. టైముతో సహా డాక్టరుకు చెప్పండి.

పొలంగట్టు:
బైకు తప్ప దిక్కు లేకపోతే?

వేపచెట్టు:
ముందు 108కి కొట్టండి. ఆలస్యమయ్యేలా ఉంటే నడిపేవాడికీ వెనకవాడికీ మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళండి. వాంతులవుతున్నా, మగతగా ఉన్నా బైకు వద్దు. ఆటోలో ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మందు ఉందో లేదో దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోండి.

నైట్‌డ్యూటీ:
ఆసుపత్రిలో "ఊరికే కూర్చోబెట్టారు" అని గొడవలవుతుంటాయి. 2 మి.లీ. రక్తం పొడి గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషమని అనుమానం. ఆ కూర్చోబెట్టడం పరీక్షే. కట్లపాము కాటుకి మాత్రం మొదట నొప్పీ వాపూ దాదాపు ఉండవు. మనిషి నిమ్మళంగా ఉన్నాడు కదా అని ఇంటికి తీసుకెళ్ళిపోకండి, 24 గంటలు అక్కడే ఉంచండి.